ఊట గోడలో తొమ్మిది జెండాలు

లాగ్ 118

పొద్దున్న ఆరుకి కొత్త జెండా కట్టినాను. ముడి మూడుసార్లు లాగి సూసినాను, గట్టిగుంది. గాలి తూరుపు నుండి. పాత జెండా దింపినాను. ఎరుపు ఎలిసిపోనాది గానీ గుడ్డ గట్టిదే.

దింపినప్పుడు అనాల్సిన మాట ఈయేల కూడా అనలేదు. మనసులో అనుకున్నాను. కింద ఇస్కూలు పిల్లలు వరసగా నిలబడి రెండు సేతులూ పైకెత్తి ఊపుతా నన్నే సూస్తన్నారు. జెండాకి దణ్ణం అలగే పెట్టాలి కదా, పడవని పిలిసినట్టు. అంతమంది సూస్తంటే నా నోట్లోంచి గాలి కూడా రాదు.

మాట అనలేదని రాయక్కర్లేదేమో. కానీ డ్యూటీ ఇచ్చినప్పుడు ఏటి సేసినా ఏటి మానీసినా ఉన్నదున్నట్టు రాయాలని సెప్పినారు. రాయని రోజుకి డ్యూటీ పోతాది. డ్యూటీ పోతే గది పోతాది. అయినా ఈ లాగ్ ఎవురూ సదవరట. నాకు ముందు ఇక్కడ జెండా కట్టిన ముసలాయన ఇరవయ్యేళ్ళు రాసినాడు, ఒక్కడూ ఒక్క మాట అడగలేదట.

నాకు అదే బాగుంది. ఎవురూ సూడని సోట మాటాడ్డం నాకు బాగా వొచ్చు.

పాత జెండా మా అప్పకి ఇచ్చీసినాను. అప్ప పేరు నూకాలు, నాకన్నా ఆరేళ్ళు పెద్ద. అమ్మ పోయాక నన్ను పెంచినాది అదే. ఇలగ ఇచ్చిన జెండాల్లో ఇది తొమ్మిదోది. దిగిన జెండా ఎవురైనా తీసుకోవచ్చు, అది వొట్టి గుడ్డే. పక్క గది సన్నేసమ్మ పిన్ని ఆ ముసలాయన దింపినదాన్తో తన గుంటడికి లంగోటీలు కూడా కుట్టినాది. ఎవురూ ఏటీ అనలేదు.

లాగ్ 119

జెండా కట్టే ఉంది. ముడి సూసినాను.

డ్యూటీ అయ్యాక ఇంటికాడ నీళ్ళు ఎత్తి పోసినాను. నాను జెండా కట్టే నలభై ఒకటో స్తంభం కింద మూడో వరస గదులు మావి. గోడకి ఇటు మేము, అటు సముద్రం. మజ్జిలో ఉన్న గోడ కుండలాగా ఊరుతాది. పొద్దున్న లేసేసరికి నడవలో పాదం మునుగుతాది. గిన్నిల్తో ఎత్తి పైకి మోసుకెల్లి పారబోస్తాం. అమ్మ ఈ తేమకే దగ్గి దగ్గి పోనాది.

గోడ ఊరతందని అప్ప ఇప్పటికి ఆఫీసుకి పద్నాలుగు అర్జీలు పెట్టినాది. ఈయేల పద్నాలుగో దానికి జవాబు వొచ్చినాది. గోడకి ఊట లేదట. లోపల మనుషులు ఎక్కువుండి గోడకి సెమట పడతందట. కిటికీలు తీసి పెట్టుకోమన్నారు.

మాకు కిటికీలు లేవు. అప్ప ఆ కాయితం సదివి సదివి నవ్వినాది. నవ్వుతా నవ్వుతా మంచం కింద దాసిన జెండాలన్నీ బయటికి లాగినాది. ఎందుకే అని అడిగినాను. సెమట తుడుద్దాం రా, గుడ్డలు కావాలి కదా అన్నాది.

లాగ్ 121

జెండా బాగుంది.

నిన్న ముడి సంగతొక్కటే రాసినాను, నిన్నా ఈయేలా అప్ప సేసిన పని ఇప్పుడు రాస్తన్నాను. తొమ్మిది జెండాల్నీ కత్తెరతో సన్న పేలికలు సేసినాది. నడవలో గోడకి ఎక్కడెక్కడ బీట ఉందో అక్కడల్లా సెంచా కాడతో ఆ పేలికలు కుక్కినాది. నాను దీపం పట్టుకున్నాను. జెండా గుడ్డ సముద్రం గాలికని నేసినాది కదా, తడిస్తే ఉబ్బుతాది, కుళ్ళదు. నీళ్ళు సానామట్టుకు ఆగిపోనాయి.

అయితే ఎనక్కి ఎల్లి సూస్తే అది ఊట మూసినట్టు లేదు. మనకి రోజూ కళ్ళముందుండి కూడా కనపడని బీటలన్నీ ఎర్రగా లేసొచ్చినాయి. కిందనుండి పైకప్పు దాకా, కొమ్మలు కొమ్మలుగా. మనిషి సర్మం తీసి లోపల నరాలు సూపించినట్టు. ఇన్ని ఉన్నాయని నాకు కూడా తెల్దు. కింద బొగ్గుతో అప్ప రాసినాది, గోడకి సెమట అని.

మజ్జాన్నానికి మూడు వరసల జనం దిగి సూసినారు. కొందరు నవ్వినారు. ఒకామె గోడని ముట్టుకుని ఏడిసినాది. ఇస్కూలు పిల్లలు వొచ్చి సేతులు ఎత్తాలా వొద్దా తెలీక ఒకరి మొకం ఒకరు సూసుకున్నారు. ఒకడు ఒక సెయ్యి ఎత్తి దించీసినాడు.

నాకు బాగానూ ఉంది, బయింగానూ ఉంది. రెండూ ఒక్కసారే.

లాగ్ 122

గవరయ్య తాత వొచ్చినాడు. పై వరసలో ఉంటాడు. ఊళ్ళన్నీ మునిగిన పెద్ద నీళ్ళప్పుడు తాతకి ఆరేళ్ళు. వాళ్ళమ్మ ఫోను టవరెక్కి కట్టుకున్న ఎర్ర సీర సింపి కట్టి ఊపితే పడవ వొచ్చినాదట. జెండాకి ఒక పక్క అంచు కుట్టకుండా సింపినట్టు వొదిలీడం ఆ సీరలాంటివాటి వల్లే. జెండా పండక్కి తాతని ముందు కుర్సీలో కూకోబెడతారు.

కర్ర పట్టుకుని మూడు వరసలు దిగినాడు. సానాసేపు గోడని సూసినాడు. అరుస్తాడేమో అనుకున్నాను. అరవలేదు.

"మీయమ్మ పోయినప్పుడు మీద కప్పినాది కూడా ఇలాటి జెండాయే, దాన్తో ఇలగ సేస్తావేటే?" అని అడిగినాడు అప్పని.

అప్ప దిగిన జెండాలే తాతా అన్నాది. పక్కింటి లంగోటీల సంగతి కూడా సెప్పినాది. పిన్ని సిగ్గుపడి లోపలికి ఎల్లిపోనాది.

"లంగోటీ ఎవుడికీ సూపించరు. నువ్వు సూపించడానికే పెట్టినావు. జనం సూడాలి, సూసి మండాలి, అందుకే పెట్టినావు."

"అవును," అన్నాది అప్ప. "వొట్టి గోడని పద్నాలుగుసార్లు సూపించినాను, ఒక్కడూ సూడలేదు. ఇదైతే నువ్వే కర్ర పట్టుకుని దిగినావు."

అప్ప గొంతు తగ్గించి అడిగినాది, మీయమ్మ ఆ సీర ఎందుకు సింపినాది తాతా, నీళ్ళొచ్చినాయనే కదా అని.

"సింపినాది ఎత్తుగా కట్టడానికి. కన్నాల్లో దోపడానికి కాదు." అనీసి తాత ఎనక్కి తిరిగిపోనాడు. మెట్ల మీద రెండుసార్లు ఆగినాడు. నాను ఎల్లి సెయ్యి పట్టుకుందామనుకున్నాను. ఎల్లలేదు.

ఎవురిది రైటో నాకు తెల్దు. తాత మాటాడితే తాతది రైటనిపించినాది, అప్ప మాటాడితే అప్పది. ఇలాటివోడ్ని నన్ను ఎవురూ అడక్కుండా ఉంటే సాలు.

లాగ్ 123

జెండా ఆఫీసు నుండి అప్పకి ఫోను వొచ్చినాది.

జెండాలో దారం ఉంటాది కదా, తడిసినా నేలకి తగిలినా ఆఫీసుకి సెప్పీసే దారం. దింపినప్పుడు ఆ మాట అంటే దారం ఇని నిద్రపోతాది. అప్పుడే అది దిగిన జెండా. ఆఫీసు తెర మీద తొమ్మిది జెండాలు తడిసి కనపడతన్నాయట. తొమ్మిదీ నలభై ఒకటి కింద మూడో వరసలో. తొమ్మిదీ మెలకువగానే ఉన్నాయట.

అంటే అప్ప కోసినాది గుడ్డ కాదు. జెండా.

బతికున్న జెండాని కోస్తే పేరు కొట్టీసి బయటి పడవ ఎక్కిస్తారు. బయటి పడవల్ని ఏ గోడా ఆగనీదు. ఒకసారి ఎక్కినోళ్ళు మళ్ళీ దిగినట్టు నాను ఇనలేదు.

అప్ప ఫోను పెట్టీసి దారాలు పాడైపోయుంటాయిలే, వీళ్ళ సరుకు ఎప్పుడు బాగుంది కనక అన్నాది. గంజి తాగమన్నాది. తాగినాను. మాట అనలేదని అప్పకి సెప్పడానికి నాలుగుసార్లు నోరు తెరిసినాను.

లాగ్ 124

ఇచారణ అయినాది. మజ్జాన్నం, మా స్తంభం కిందే బల్ల ఏసినారు. మీద నాను కట్టిన జెండా ఎగురుతంది. ఇచారణ సేసే మేడమ్ పేరు తారకేశ్వరి గారు. మంచావిడ. నన్ను సూసి ముందు మంచినీళ్ళు ఇమ్మన్నారు.

ఆవిడకి అప్పని పంపాలని లేదు. నాకు తెలస్తానే ఉంది. దారాలు ఈమజ్జ పాడవుతున్నాయి, దారం పాడైతే తప్పు దారానిది, అమ్మాయిది కాదు అన్నారు. అని నా ఎంపు తిరిగినారు.

"దింపినప్పుడల్లా మాట అన్నావు కదా బాబూ?"

తల ఊపినాను.

"నోటితో చెప్పాలి."

"అన్నాను," అన్నాను. ఇనపడలేదట. మళ్ళీ అన్నాను. "అన్నానండి." నా జన్మలో అంత గట్టిగా నాను ఎప్పుడూ మాటాడలేదు. అప్ప నన్ను సూసినాది. సూడగానే దానికి తెలిసిపోనాది, నా మొకం నాకన్నా దానికే బాగా తెలుసు. అయినా తల దించుకుని కూకున్నాది.

మేడమ్ రాసుకుంటన్నారు. అంతా అయిపోయినట్టే. అప్పుడు గుమాస్తా అన్నాడు, పద్ధతి ప్రకారం జెండా కట్టేవాడి లాగ్ కూడా జత చెయ్యాలి మేడమ్ అని. అతనికి మా మీద పగేటీ లేదు. పద్ధతి, అంతే.

తెరిసినాడు. సదివినాడు. ఈయేల కూడా అనలేదు. ఎనక్కి ఎల్లినాడు. లాగ్ 61, మాట అనలేదు, వాన, జనం గొడుగులకింద ఆగి సూస్తన్నారు. లాగ్ 74, మాట అనలేదు, ఆడపిల్లలు నవ్వుతన్నారు. ఒకటి తరవాత ఒకటి తొమ్మిదీ సదివినాడు. ఎవురూ సూడని సోట మాటాడ్డం నాకు బాగా వొచ్చు అన్నది కూడా నలుగుర్లో గట్టిగా సదివినాడు. ఎనకాల ఎవురో నవ్వినారు. తరవాత ఆ నవ్వు కూడా ఆగిపోనాది.

మేడమ్ పెన్ను కింద పెట్టీసినారు. నా ఎంపు సూడలేదు.

మాట అననోడికి హెచ్చరికట. కోసినోళ్ళకి పడవట.

లాగ్ 125

జెండా ఉంది. ముడి ఉంది. గాలి ఉంది.

లాగ్ 126

జెండా ఉంది. ముడి ఉంది. గాలి లేదు.

ఇంతకన్నా రాయను అనుకున్నాను. ఇంతకాలం ఎవురూ లేరని ఇక్కడ మాటాడినాను. ఇప్పుడు ఎవురో ఉన్నారని తెలిసినాక సెయ్యి ఆడటం లేదు. కొట్టీడానికి సూసినాను, 118 నుండి 61 దాకా. కొట్టీడం రాదు. పంపినాక అది మనది కాదట.

లాగ్ 127

మేడమ్ మా గదికి వొచ్చినారు, గుమాస్తా లేకుండా. సెప్పులు సేత్తో పట్టుకుని నీళ్ళలో నడిసొచ్చినారు. పేలికల సందుల్లోంచి ఇంకా కొంచిం కారతంది కదా. మంచం మీద కూకున్నారు.

ఇంకో దారి ఉందన్నారు. స్తంభం కింద నిలబడి జెండాకి అవమానం చేశాను, తప్పయింది అని అప్ప ఒక్క మాట అంటే, కాయితం ఆవిడే సరిజేస్తారట. పడవ ఉండదట. ఒక్క మాట.

అప్ప ఆలోసించినాది. నిజంగానే ఆలోసించినాది. గవరయ్య తాతకి నొప్పి పుట్టినమాట నిజం, తాత కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను అన్నాది. తరవాత మేడమ్‌ని అడిగినాది.

"అవమానం అంటానండి. గోడకి ఊట ఉందని మీరు కూడా అంటారా?"

మేడమ్ గోడని సూసినారు. సేతిలో సెప్పుల్ని సూసుకున్నారు. అది నా చేతిలో లేదమ్మా అన్నారు.

"మరయితే నాను అన్నాక ఈ పేలికల్ని పీకించీస్తారు. పీకించీసి సెమటే అంటారు. అప్పుడు నాను కోసినాది ఉత్తినే కోసినట్టు. అలగైతే నిజంగా అవమానమే అవుద్ది కదండీ."

మేడమ్ లేసి ఎల్లిపోనారు. ఎల్లినప్పుడు నా తల మీద సెయ్యి ఎయ్యబోయి ఎయ్యలేదు.

నాకు అప్ప మీద కోపం వొచ్చినాది. అనీయొచ్చు కదా ఒక్క మాట, నోరు ఉంది కదా, ఏటి పోతాది అని లోపల లోపలే తిట్టినాను. తిట్టుకున్నాక నాకే తట్టినాది, ఇది ఎవుడు ఎవుడికి సెప్తన్నాడో. తొమ్మిదిసార్లు ఒక్క మాట అనలేనోడు.

అప్పుడు సెప్పినాను దానికి. నావల్లే అని. అంతే అనగలిగినాను.

"తెలుసురా దాలీ. నాను పక్కనే ఉంటే నాను అనుందును. ఎవురన్నా సాలు కదా, దారం గొంతు గుర్తుపట్టదు. నాకు తట్టలేదు, నువ్వు సెప్పలేదు." అని నా సెవి మెలిపెట్టినాది, గట్టిగా, సిన్నప్పట్లాగ. "ఇక మీదట అయినా నోరు తెరువు. అన్నిటికీ తలాడిస్తే నీకు పెళ్ళి సేసినా తాళి నీ మెళ్ళోనే కడతారు."

నవ్వొచ్చినాది. నవ్వుతంటే ముక్కు కారినాది. అప్ప సంచి సద్దుకున్నాది. రెండు బట్టలు, కత్తెర, బొగ్గు. కత్తెర మళ్ళీ బయటికి తీసి నాకు ఇచ్చీసినాది, బయట కోయడానికి ఏటుంటాదిలే అని.

లాగ్ 128

పొద్దున్న ఆరుకి జెండా సూసినాను. స్తంభం మీంచి కిందకి సూస్తే పడవ అప్పుడే వొచ్చి ఆగుంది. పాత పడవ. పక్కన నీలం డబ్బా కట్టుంది, నీళ్ళకో దేనికో. పది గంటలకి బయల్దేరుతాదని సెప్పినారు.

తొమ్మిదికి అప్పని పడవకాడికి తీసుకెల్లినారు, నన్ను నడవలోకి పిలిసినారు. జెండా ముక్కలు కన్నాల్లో ఉండకూడదు, కట్టేవాడే తియ్యాలి, అది పద్ధతి. నూట పన్నెండు ముక్కలు. తీసిన ముక్కకి ముక్కకీ మాట అనాలి, అప్పుడే దారం నిద్రపోతాది. నాను ముందు ముక్క పట్టుకుని నిలబడినాను. జనం సూస్తన్నారు. మేడమ్ కాసేపు సూసి, నువ్వు తియ్యి బాబూ, మాట నేనంటాను అన్నారు.

నాను తియ్యడం, ఆవిడ అనడం. దిగమ్మా, ఒడ్డు వచ్చింది. ప్రతి ముక్కకీ అదే. దిగమ్మా, ఒడ్డు వచ్చింది. తీసిన కన్నంలోంచి నీళ్ళు. ఇంకోటి. దిగమ్మా, ఒడ్డు వచ్చింది. ఇంకో దార. ముప్పయ్యో ముక్కకి ఆవిడ గొంతు బొంగురుపోనాది. నీళ్ళు మడమ దాటినాయి.

గవరయ్య తాత వొచ్చి పళ్ళెం పట్టుకున్నాడు. ఎవురూ రమ్మన్లేదు. నాను ఇచ్చిన ముక్కని ఇచ్చినట్టే రెండు సేతుల్తో తీసుకుని, పిండి, మడత పెట్టి పళ్ళెంలో పెడతన్నాడు. పంచె మోకాలు దాకా తడిసిపోనాది. మజ్జిలో ఒకసారి సల్లగున్నాయిరా నీళ్ళు అన్నాడు.

పైనుండి పడవ కూత ఇనపడినాది. ఒకసారి కూసినాది. నాను మేడమ్‌ని సూసినాను. ఆవిడ గుమాస్తాని సూసినారు. సగంలో వదిలేసి వెళ్తే అది కూడా జెండాకి అవమానమే కదా అన్నాడు గుమాస్తా. మెల్లగానే అన్నాడు. అతని బూట్లలో కూడా నీళ్ళే.

రెండోసారి కూసినాది. నా సేతిలో ఒక ముక్క ఉంది. ఇచ్చినాను. దిగమ్మా, ఒడ్డు వచ్చింది. మూడోసారి కూసినప్పుడు సానా దూరంగా ఇనపడినాది.

అప్పకి నాను సెయ్యి కూడా ఊపలేదు.

అన్నిటికన్నా ఎడల్పాటి బీట సన్నేసమ్మ పిన్ని గుమ్మం పక్కన ఉంది. దానికి ఇటు పక్క గుంటడి ఉయ్యాల. పిన్ని గుంటడ్ని ఎత్తుకుని నడవలో నిలబడి నన్నే సూస్తంది. ఆ బీటలో ముక్క అప్ప రెండు పేలికలు మెలేసి కుక్కినాది, దాని ఎనకాల నీళ్ళు గట్టిగా కొట్టుకుంటన్నాయి, సెయ్యి పెడితే తెలస్తంది.

అయిపోయాయా అని మేడమ్ అడిగినారు.

"అయిపోనాయండి," అన్నాను. అందరికీ ఇనపడినాది. ఆవిడ లెక్క సూడలేదు. తాత పళ్ళెంలోకి సూసినాడు, నా ఎంపు సూసినాడు, పళ్ళెం మీద పైగుడ్డ కప్పీసినాడు.

నూట పదకొండే తీసినాను. ఒకటి ఉంది. దాని దారం ఇంకా మెలకువగానే ఉంటాది, మీ తెర మీద కనపడతాది, కాబట్టి దాసి లాభం లేదు. ఇది కూడా మీరు సదువుతారని తెలుసు. ఉన్నదున్నట్టు రాయమన్నారు, రాసినాను.

అది తియ్యడానికి ఎవుడినైనా పంపితే ముందు ఉయ్యాల జరపమనండి. నన్ను పడవ ఎక్కించాలనుకుంటే మాత్రం ఏదో పడవ వొద్దు. అప్ప ఎల్లిన పడవే ఎక్కించండి. నీలం డబ్బా కట్టుంటాది.